కారు కింద దూరే ముందు ఈ ఉత్తరం చదువు

కోవెంట్రీ,
ఆదివారం రాత్రి

చిన్నా,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. విజయవాడలో భోజనాల వేళ, ఇక్కడ నాకింకా కాఫీ కూడా పడలేదు. "అన్నయ్యా, వీడు తుప్పు పట్టిన కారు కొన్నాడట. అది నడవదట. దాన్ని ఇంట్లోనే విప్పుతాడట. వీడికేమైనా అయిందా?" అంది. ఏం కారమ్మా అన్నాను. "ఏదో ఎంజీ అట, రెండే సీట్లట, పైన కప్పు కూడా లేదట" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే గుండె గుభేలుమంది. వాట్సాప్‌లో చెప్పొచ్చు గానీ నా వాయిస్ మెసేజ్‌లు నువ్వు సగం కూడా వినవని తెలుసు. అందుకే కాగితం తీశాను.

నువ్వు మీ అమ్మకి పంపిన ఫొటోలు నాకూ వచ్చాయి. 1970 ఎంజీబీ రోడ్‌స్టర్. పైన మెరుస్తోంది. కింది భాగం ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. అమ్మేవాడు తీసిన ఫొటోల్లో అది ఎప్పుడూ ఉండదు. రీడింగ్ నుంచి మా ఊరు ఎంత, రెండు గంటల దారి! ఒక్క మాట చెప్పి ఉంటే అయస్కాంతం ముక్క జేబులో వేసుకుని వచ్చి కారు చుట్టూ ఒక్కసారి తిరిగేవాణ్ణి. అయస్కాంతం అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. సరే, కొనేశావు. కొన్నాక తిట్టి లాభం లేదని మీ అత్తయ్య అంటోంది. కాసేపు తిట్టి ఆపేస్తాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. జాకీ మీద ఉన్న కారు కింద దూరకు. అర నిమిషం పనైనా సరే, కింద పడ్డ నట్టు తీసుకోవడానికైనా సరే. జాకీ కారును లేపడానికే గానీ మోయడానికి కాదు. లేపాక యాక్సిల్ స్టాండ్లు పెట్టు, అంటే కారు బరువు మోసే ఇనుప స్టాండ్లు. మంచివి కొను, సెకండ్ హ్యాండ్‌వి వద్దు. కింద గట్టి కాంక్రీటు ఉండాలి. విప్పిన చక్రాన్ని పారేయకుండా కారు కింద పడుకోబెట్టు. ఆపైన భుజం ఆనించి కారును గట్టిగా ఊపు. పడేదైతే నువ్వు బయట ఉండగానే పడుతుంది.

మీ తాతయ్య షెడ్డు నువ్వు చూడలేదు. ఆటోనగర్ అప్పుడప్పుడే లేస్తోంది. బడి లేని రోజు నేను షెడ్డులో ఉండేవాణ్ణి. లారీలూ, అంబాసడర్ టాక్సీలూ వచ్చేవి. ఒక వానాకాలం మధ్యాహ్నం పక్క షెడ్డులో ఒక కుర్రాడు, నా ఈడువాడే, లారీ కింద ఉండగా జాకీ జారింది. నేను చూడలేదు, చప్పుడు విన్నాను. ఆ సాయంత్రం మీ తాతయ్య నా చేతిలో స్పానర్ తీసుకుని పెట్టెలో వేసి, "రేపట్నుంచి షెడ్డుకి రాకు, చదువుకో" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నేను ఇంజనీరింగ్ చదవడం, 1974లో ఈ దేశం రావడం, అంతా ఆ సాయంత్రం నుంచే మొదలైంది. మీ అమ్మ అప్పటికి పసిపిల్ల, కానీ ఇంట్లో ఆ కథ వింటూనే పెరిగింది. అందుకే కారు ఎంత పెట్టి కొన్నాడని నన్ను అడగలేదు. "వాడు దాని కింద పడుకుంటాడా?" అని అడిగింది. పడుకోడులే అని అబద్ధం చెప్పాను. నా అబద్ధం నువ్వు నిలబెట్టలేవు, కనీసం స్టాండ్లయినా పెట్టు.

చిన్న సంగతులు తొందరగా చెప్పేస్తాను. విప్పే ముందు ప్రతిదీ ఫోన్‌లో ఫొటో తీయి. బోల్టులు వాటి వాటి కవర్లలో వేసి పేరు రాయి. "గుర్తుంటుందిలే" అనుకోకు, ఉండదు. నీ దగ్గరున్న మిల్లీమీటర్ స్పానర్లు పక్కన పెట్టి అంగుళాల సెట్టు కొను. అర అంగుళం బోల్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 స్పానర్ దాని మీద కూర్చున్నట్టే ఉంటుంది, బలం పెట్టేసరికి మూలలు గుండ్రంగా అరిగిపోయి ఇక దేనికీ పనికిరాదు. బ్యాటరీ సీట్ల వెనక నేలలో ఉంటుంది. వాటి కాలంలో 6 వోల్టులవి రెండు పెట్టేవాళ్లు. ఆ గూళ్లు తుప్పు పట్టి ఉంటాయి, చూసుకో.

ఇంజన్ గురించి మాత్రం టెన్షన్ పడకు. అది మనింటి పిల్లే. ఎలాగో చెప్తాను విను. నేను వచ్చిన కొత్తలో, ఫ్యాక్టరీ కార్ పార్కులో ఎవరో ఎంజీబీ బానెట్ ఎత్తి తంటాలు పడుతున్నాడు. నేను ఊరికే తొంగి చూశాను. చూసి అక్కడే నిలబడిపోయాను. బయట చూస్తే రాజుగారి గుర్రం, లోపల చూస్తే మన అంబాసడర్! మోరిస్ ఆక్స్‌ఫర్డే కదా మన దేశంలో అంబాసడర్ అయింది. దాని 1489 సీసీ ఇంజనూ, ఎంజీబీ 1798 సీసీ ఇంజనూ ఒకే కుటుంబం, బీ సిరీస్ అంటారు. ఊరు కాని ఊరిలో, నా ఇంగ్లిష్ సగం మందికి అర్థం కాని రోజుల్లో, పేరు పెట్టి పిలవగలిగిన వస్తువు నాకు అదొక్కటే దొరికింది. వాల్వుల శబ్దం విని ట్యాపెట్లు లూజుగా, అంటే వాల్వుల సందు ఎక్కువగా, ఉన్నాయన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. నాకూ ఇలాంటిది ఒకటి ఉండాలని ఆ రోజే అనిపించింది. ఉండడానికి పదిహేనేళ్లు పట్టింది, అది వేరే సంగతి.

మీ తాతయ్య అయిదో క్లాసు దాటలేదు గానీ ట్యాపెట్లు పెట్టడానికి ఆయనకో లెక్క ఉండేది. మొత్తం 8 వాల్వులు. ఏ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని తెరుచుకుందో చూడు, దాన్ని 9లోంచి తీసెయ్యి, వచ్చిన నంబరు వాల్వు సందు సరిచెయ్యి. 8 తెరుచుకుంటే 1, 6 తెరుచుకుంటే 3. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ఇంగ్లిష్ మాన్యువల్ కొన్నాక చూస్తే అందులో అచ్చంగా అదే లెక్క ఉంది. ఆయనకి ఎవరు చెప్పారో నేనెప్పుడూ అడగలేదు.

భయపడాల్సింది ఇంజన్‌కి కాదు, రేకుకి. ఇక్కడ నెమ్మదిగా చదువు. నేను నా కారుకి చేసిన ద్రోహం ఇదే. ఇప్పటిదాకా మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఆవిడకి కూడా చాలా ఆలస్యంగా చెప్పాను.

ఈ కారుకి లారీలా కింద విడిగా ఛాసిస్ లేదు. ఒళ్లే ఎముక. తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా పోయేదే సిల్. బయట కనిపించే రేకు, లోపల నిలువుగా ఒక పలక, కింద కోట గోడలా మడతలున్న క్యాజిల్ రైల్ అనే పట్టీ, ఇవన్నీ కలిస్తేనే బలం. నాది జీటీ, అంటే పైకప్పున్న రకం, కాబట్టి ఆ కప్పూ కొంత మోస్తుంది. నీదానికి ఆ కప్పూ లేదు. రెండు సిల్సూ తీసేస్తే నీ కారు మధ్యలో విరిచిన చెరుకుగడే.

మా ఫ్యాక్టరీలో ఒక ముసలి వెల్డర్ ఉండేవాడు, ఇంగ్లిషాయన. కార్ల బాడీలు అతికి అతికి చేతుల నిండా మచ్చలు. నేను సిల్స్ మారుస్తున్నానని తెలిసి టీ తాగే వేళ వచ్చి నాలుగు ముక్కలు చెప్పాడు. బరువు చక్రాల మీదే ఉండనీ, స్ప్రింగుల మీద. తలుపు స్తంభాల మధ్య ఇనుప కడ్డీ అడ్డం బిగించు. తలుపు తీసి పక్కన పెట్టకు, ప్రతి అతుకుకీ ముందూ వెనకా మూసి చూడు, ఆ సందే నీ కొలబద్ద. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క చెయ్యి పెట్టకు. నేను తల ఊపాను. మనసులో ఏమనుకున్నానో నీకు చెప్తున్నాను, సిగ్గుగానే ఉంది: ఈయన వెల్డరు, నేను ఇంజనీరుని.

1991 ఫిబ్రవరి. వెల్డింగ్ మెషీన్ రెండు రోజులకి అద్దెకి తెచ్చాను. అద్దె డబ్బులు కలిసిరావాలని శనివారం నాడే రెండు పక్కలూ కోసేద్దాం, ఆదివారం అతికేద్దాం అనుకున్నాను. కారును ముందూ వెనకా చివర్లలో స్టాండ్ల మీద నిలబెట్టాను. కడ్డీలు బిగించడం పెద్ద పని, మానేశాను. తలుపులు అడ్డమని విప్పేశాను. ఆయన చెప్పిన నాలుగూ నేను చేయలేదు చూశావా, ఒక్కటి కూడా! సాయంత్రానికి ఎడమ సిల్ లేదు, కుడి సిల్ లేదు. గ్యారేజీ నిండా తుప్పు రజను, నా ముఖం నిండా గర్వం.

ఆదివారం మధ్యాహ్నం కొత్త రేకులు అతకబోతూ, ఎందుకో అనుమానం వచ్చి ఎడమ తలుపు తగిలించి మూశాను. కింద బాగానే పడింది. పైన వెనక అంచు స్తంభానికి తగిలి ఆగిపోయింది. అంతకుముందు అక్కడ వేలు దూరకపోయినా అట్టముక్క దూరేది. ఇప్పుడు కాగితం కూడా దూరలేదు. మధ్యలో కారు కూర్చుంది.

ఇప్పటిదాకా జరిగింది తెలివితక్కువతనం. దాన్ని దిద్దుకోవచ్చు. మధ్యలో జాకీ పెట్టి కొద్దికొద్దిగా లేపి, సందు చూసుకుని, అప్పుడు అతికితే సరిపోయేది. మెషీన్ సోమవారం పొద్దున ఇచ్చేయాలి. చలికి వేళ్లు పనిచేయడం లేదు. ముసలాయన దగ్గరికి వెళ్లి అడగాలంటే అహం. చూస్తూ చూస్తూ, వంకర ఉందని తెలిసి, అలాగే అతికేశాను. వెల్డింగ్ బలంగా చేశాను కూడా, తప్పుని అంత గట్టిగా ఎవరూ అతికి ఉండరు.

తర్వాత రంగు వేశాం. లేత పసుపు. మీ అత్తయ్యని ఎక్కించుకుని బయల్దేరాను. తలుపు పడలేదు. "కొత్త రబ్బరు కదా, పట్టేస్తోంది, గట్టిగా వెయ్యి" అన్నాను. ఆవిడ నమ్మింది. రెండేళ్లు, గుడికి వెళ్లినా మార్కెట్‌కి వెళ్లినా, ఆ తలుపుని ధడేల్మని వేసింది. ఎవరైనా ఉలిక్కిపడి చూస్తే "రబ్బరు కొత్తదండీ" అని నా బదులు తనే చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎలా ఉండేదో చెప్పలేను.

చివరికి ఒకరోజు ముసలాయన మా ఇంటి మీదుగా పోతూ ఆగాడు. కారు చుట్టూ తిరగలేదు, రంగు చూడలేదు. తిన్నగా వచ్చి తలుపు వెనక సందులో వేలి గోరు పెట్టి కింది నుంచి పైకి లాగాడు. పైన గోరు ఆగింది. నా వైపు చూసి, "మళ్లీ కోద్దామా?" అన్నాడంతే. వరసగా శనివారాలు వచ్చి పక్కన నిలబడి మళ్లీ చేయించాడు. ఒక్క పౌండు తీసుకోలేదు. మీ అత్తయ్య చేసిన పులిహోర మాత్రం డబ్బాలో పెట్టించుకుని వెళ్లేవాడు.

కాబట్టి సిల్స్ దగ్గరికి వచ్చేసరికి నువ్వు నాకు ఫోన్ చెయ్యి. నేను వస్తాను. నా మోకాళ్లు వంగవు, కానీ స్టూలు మీద కూర్చుని తలుపు సందు చూడగలను. ఎక్కడైనా తప్పు పోతే మీ ఆవిడకి ఆ రోజే చెప్పు. రబ్బరు కథలు చెప్పకు.

వెల్డింగ్ చేసేప్పుడు పెట్రోలు ట్యాంకు కారులో ఉండకూడదు, గ్యారేజీలోనే ఉండకూడదు. ఖాళీ ట్యాంకు ఇంకా ప్రమాదం, ఆవిరి మిగిలి ఉంటుంది. దాన్ని నువ్వు ముట్టుకోకు. అడుగున పూసిన తారూ, లోపల కార్పెట్టూ నిప్పురవ్వ పడ్డాక వెంటనే అంటుకోవు, అరగంట రాజుకుంటూ ఉంటాయి. పని ఆపాక ఒక గంట అక్కడే కూర్చో, టీ తాగు. గ్యారేజీ తలుపు తీసి ఉంచు. నిప్పార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి.

బ్రేకులు. నీ కారు కాలంలో ఇక్కడ అమ్మిన వాటికి బ్రేక్ సర్క్యూట్ ఒక్కటే. ఒక పైపు పగిలిందంటే నాలుగు చక్రాలకీ పోయినట్టే. పైపులు, సిలిండర్లు, హోసులు అన్నీ కొత్తవి వెయ్యి, ఇక్కడ డబ్బు చూడకు. వెనక డ్రమ్ములు విప్పినప్పుడు దుమ్ము ఊదకు. బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ వాడేవాళ్లు, ఈ దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. నీ కారులో పాత షూలు ఎప్పటివో ఎవరికి తెలుసు? తడిపి, మాస్క్ వేసుకుని తుడువు. మీ తాతయ్య ఆ దుమ్ముని నోటితో ఉఫ్ అని ఊదేవాడు. చివరి రోజుల్లో ఆయన దగ్గు నాకింకా చెవుల్లో ఉంది.

ఫొటోలో స్పోక్ చక్రాలు చూశాను, అందంగానే ఉన్నాయి. మధ్య నట్లకి కుడి పక్క మర ఒక రకం, ఎడమ పక్క ఇంకో రకం. ఎడమ వాటికి మామూలు మర, కుడి వాటికి తిరగ మర. ఎవడైనా హబ్బులు అటూ ఇటూ మార్చి ఉంటే నడుస్తూ నడుస్తూ నట్టు వదులవుతుంది. మొదటి రోజే చూడు.

పెట్రోలు బంకులో మామూలు అన్‌లెడెడ్ పోయించకు. 2021 సెప్టెంబర్ నుంచి అందులో ఇథనాల్ 10 శాతం దాకా ఉంటోంది, పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది. సూపర్ పోయించి, పైపులు కూడా కొత్తవి వెయ్యి. తాళం తిప్పగానే వెనక నుంచి టిక్ టిక్ టిక్ అని వినిపిస్తుంది, అది ఎస్‌యూ పెట్రోల్ పంపు. కార్బురేటర్లు నిండాక నెమ్మదిస్తుంది. అసలు వినపడకపోతే కుడి వైపు వెనక చక్రం ముందున్న ఆ పంపుని స్పానర్ పిడితో మెల్లగా తట్టు. నేను హైవే పక్కన సూటు వేసుకుని అలా తట్టిన రోజులున్నాయి.

రంగు మాత్రం నువ్వు వేయొద్దు. ఇప్పటి టూ ప్యాక్ రంగుల్లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. బయట నుంచి గాలి అందించే మాస్క్ లేకుండా కొడితే ఊపిరితిత్తులు పోతాయి. అది షాపు వాళ్ల పని. నీ ముచ్చట తీరడానికి చక్రాల లోపలి భాగం వేసుకో.

డబ్బు సంగతి మీ అమ్మ అడగలేదు, నేనూ అడగను. పెట్టినంత ఎప్పటికీ తిరిగి రాదని తెలిసి చెయ్యి. ఒకవేళ అడుగంతా పోయి ఉంటే ఏడవకు. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు ఈ కారుకి కొత్త బాడీ షెల్లే తయారు చేస్తున్నారు, పాత ఫ్యాక్టరీ అచ్చులతోనే. ఖరీదెక్కువ, నిజమే. అయినా పోయిందనుకున్న దానికి కొత్త ఒళ్లు దొరకడం ఎన్నిటికి ఉంది చెప్పు?

అన్నట్టు, 40 ఏళ్లు దాటిన కార్లకి రోడ్డు పన్ను కట్టక్కర్లేదు, 2018 మే నుంచి ఎంఓటీ, అంటే ఏటా చేసే తనిఖీ, కూడా అక్కర్లేదు. అక్కర్లేదు కదా అని మానకు. పూర్తయ్యాక ఎంఓటీ చేయించు. మన చేతి పని మన కళ్లకి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

ఈ కార్లు తయారైన ఆబింగ్డన్ నీకు దగ్గరే. వీలైతే ఒకసారి వెళ్లి రా. 1979 సెప్టెంబర్‌లో ఆ ఊరు ఎంజీ తమ దగ్గరికి వచ్చి యాభై ఏళ్లయిందని పండగ చేసుకుంది. పండగ ముగిసీ ముగియగానే, 10వ తేదీ సోమవారం, ఫ్యాక్టరీ మూస్తున్నామని కంపెనీ ప్రకటించింది. మర్నాడు ఇక్కడ మా ఫ్యాక్టరీలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ముసలాయన టీ కప్పు పట్టుకుని అలా నిలబడ్డాడు, చల్లారిపోయింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో ఆఖరి ఎంజీబీ బయటికొచ్చింది. మొత్తం అయిదు లక్షలకు పైగా చేశారు. అందులో ఒకటి ఇప్పుడు నీ గ్యారేజీలో ఉంది. మీ తాతయ్య ఉంటే ముందు నిన్ను కొట్టేవాడు, తర్వాత లుంగీ మడిచి నీ కంటే ముందు బానెట్ ఎత్తేవాడు.

పూర్తయిన రోజు ముందు మా ఇంటికే తీసుకురా. మీ అత్తయ్యని ఎక్కించుకుని ఊరంతా తిప్పు. ఆవిడ ఇప్పటికీ ఏ కారెక్కినా, ఎంత కొత్తదైనా, తలుపు ధడేల్మనే వేస్తుంది. నువ్వేమీ అనకు.

ఆశీస్సులతో
మావయ్య

తా.క. యాక్సిల్ స్టాండ్లు కొనగానే ఫొటో పంపు. కారుది కాదు, స్టాండ్లది. మీ అమ్మకి కూడా పంపు.